తలంబ్రాల దగ్గర తెలిసిపోతుంది: ఇంటి హెచ్‌డీ వీడియోలకు ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్

పెళ్లి వీడియోలో తలంబ్రాలు పోసుకునే చోట ఒకసారి పాజ్ చేసి చూడండి. దోసిళ్లలోంచి జారే బియ్యపు గింజలు విడివిడిగా కనిపిస్తున్నాయా, లేక పసుపు రంగు గళ్లుగా ముద్దకట్టి ఉన్నాయా? పెళ్లికూతురి చెంప చెంపలాగే ఉందా, మైనం రాసినట్టు నున్నగా అయిపోయిందా? కెమెరా కార్డులోని అసలు ఫైలు తెరిస్తే అదే క్షణంలో గింజలు గింజల్లాగే ఉంటాయి, జడలోని మల్లెమొగ్గలు కూడా విడిగా తెలుస్తాయి. ఎడిట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిన ఫైల్లో మాత్రం అవి ఉండవు. షూటింగ్‌లో తప్పు లేదు, కెమెరాలో లోపమూ లేదు. ఎడిటింగ్ అంతా అయ్యాక ఎక్స్‌పోర్ట్ నొక్కగానే తెరుచుకునే చిన్న విండోలో, అరనిమిషంలో తీసుకున్న నిర్ణయం వల్ల జరిగిన నష్టం అది.

ఆ విండో చాలా అడుగుతుంది. ఫార్మాట్ ఏది, కోడెక్ (వీడియోని కుదించి రాసే పద్ధతి) ఏది, రిజల్యూషన్ ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, బిట్‌రేట్ ఎంత, ఇంటర్‌లేస్డా ప్రోగ్రెసివా, ప్రొఫైల్ ఏది, లెవెల్ ఎంత. ఇన్ని ప్రశ్నలు ఒకేసారి చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. నూటికి తొంభై మంది సాఫ్ట్‌వేర్ తానుగా పెట్టిన అంకెల్నే ఉంచేసి ఓకే నొక్కేస్తారు. నిజానికి వీటిలో చాలా ప్రశ్నలకు జవాబు మనం కొత్తగా ఆలోచించాల్సిన పనే లేదు. రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు, రంగుల పద్ధతి, ఇవన్నీ షూట్ చేసిన రోజునే కెమెరా తేల్చేసింది. ఫుటేజ్‌లో ఏముందో అదే ఎక్స్‌పోర్ట్‌లోనూ ఉంచాలి. మన చేతిలో నిజంగా ఉన్నది ఒక్కటే: నాణ్యతకు ఎన్ని బిట్లు ఖర్చుపెట్టాలి అన్నది. ఆ జవాబు కూడా వీడియో మొత్తాన్ని బట్టి కాదు, అందులోని అతి కష్టమైన పది సెకన్లను బట్టి రావాలి.

ముందు ఫుటేజ్‌ని అడగాలి

తెలుగు ఇళ్లలో అల్మరాల్లో ఉన్న హెచ్‌డీ వీడియోలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి క్యామ్‌కార్డర్లలో తీసినవి, రెండోది ఫోన్లలో తీసినవి. క్యామ్‌కార్డర్లలో మొదట 2003లో హెచ్‌డీవీ వచ్చింది. అది మినీ డీవీ టేపు మీదే హెచ్‌డీని రికార్డు చేసేది. తర్వాత 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ ప్రకటించాయి. టేపు పోయి మెమరీ కార్డు, హార్డ్ డిస్క్ వచ్చాయి. కార్డులో ఎంటీఎస్ అనే పేరుతో ముగిసే ఫైళ్లు కనిపిస్తే అది ఏవీసీహెచ్‌డీ అన్నమాట. మన దేశంలో అమ్మినవాటిలో ఎక్కువ భాగం 1080 ఇంటర్‌లేస్డ్, 50 ఫీల్డుల పద్ధతిలో తీసేవి.

ఈ కార్డుల విషయంలో ఎక్స్‌పోర్ట్ కన్నా ముందే జరిగే ఒక పొరపాటు ఉంది. ఏకధాటిగా గంటసేపు తీసిన వీడియోని కెమెరా ఒకే ఫైలుగా రాయదు. కొన్ని 2 జీబీ దగ్గర, కొన్ని 4 జీబీ దగ్గర తెంపి కొత్త ఫైలు మొదలుపెడతాయి. ఆ ముక్కలు ఎలా అతకాలో చెప్పే సమాచారం కార్డులోని వేరే ఫోల్డర్లలో ఉంటుంది. ఎంటీఎస్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుని మిగతాది చెరిపేస్తే, ముక్క మారే చోట మంత్రం మధ్యలో ఒక అక్షరం మింగినట్టు శబ్దం తెగుతుంది. అందుకే కార్డులోని ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకోవాలి. కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంటే దానితో దించుకుంటే ఆ అతుకు అదే చూసుకుంటుంది.

ఇక ఫుటేజ్ వివరాలు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే వెడల్పు, ఎత్తు, ఫ్రేమ్ రేటు, స్కాన్ పద్ధతి, బిట్‌రేట్ అన్నీ చెబుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో కోడెక్ సమాచారం చూసినా చాలావరకు తెలుస్తుంది. కొన్ని ఫైళ్లు 1440 x 1080 అని చూపిస్తాయి. ఏదో తేడా ఉందని కంగారు పడక్కర్లేదు. హెచ్‌డీవీ, కొన్ని ఏవీసీహెచ్‌డీ కెమెరాలు అడ్డంగా పిక్సెళ్లు తగ్గించి రాసి, చూపించేటప్పుడు 1920కి సాగదీస్తాయి. ఎక్స్‌పోర్ట్‌లో 1920 x 1080, చదరపు పిక్సెల్ అని పెడితే సరిపోతుంది. ఆ సాగదీత మరిచిపోతే మాత్రం వీడియోలో అందరూ సన్నగా, పొడుగ్గా అయిపోతారు.

దువ్వెన పళ్లు

పాత హెచ్‌డీ ఫుటేజ్‌లో అన్నింటికన్నా ఎక్కువ పాడయ్యేది ఇంటర్‌లేసింగ్ దగ్గరే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

ఇంటర్‌లేస్డ్ కెమెరా సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీయదు. 50 సగం బొమ్మలు తీస్తుంది. మొదటి సగంలో ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి గీతలు. సెకనులో యాభయ్యో వంతు గడిచాక తీసే రెండో సగంలో సరి గీతలు. ఈ రెంటినీ కలిపి ఒక ఫ్రేముగా ఫైల్లో రాస్తుంది. పాత ట్యూబ్ టీవీ వాటిని వరసగా ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పటి ఫోన్, కంప్యూటర్ తెరలు ఫ్రేమంతా ఒకేసారి చూపిస్తాయి. కోలాటం ఆడుతున్న అమ్మాయి చేతిలో కర్ర ఆ యాభయ్యో వంతు సెకనులో జానెడు దూరం జరిగితే, ఒకే ఫ్రేములో కర్ర రెండు చోట్ల ఉంటుంది, ఒక గీత ఇక్కడిది, పక్క గీత అక్కడిది. అంచంతా దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తుంది. కదలని గోడ, కూర్చున్న తాతయ్య బాగానే ఉంటారు. పరుగెత్తే పిల్లల దగ్గరే బయటపడుతుంది.

దీనికి డీఇంటర్‌లేస్ చేయాలి. ఇందులో రెండు దారులున్నాయి. 50 ఫీల్డుల్ని కలిపి 25 ఫ్రేములు చేయడం ఒకటి. ప్రతి ఫీల్డునూ ఒక పూర్తి ఫ్రేముగా పెంచి 50 ఫ్రేములు చేయడం మరొకటి. చాలా సాఫ్ట్‌వేర్లు అడగకుండా మొదటిది చేసేస్తాయి. అప్పుడు కెమెరా పట్టుకున్న క్షణాల్లో సగం శాశ్వతంగా పోతాయి. కోలాటం కర్రల కదలిక, ఊయల ఊగడం, పిల్లాడి మొదటి అడుగులు, వీటన్నిటిలో ఉండే ఆ నునుపు తగ్గి, కాస్త కుదుపు వచ్చి చేరుతుంది. రెండో దారిలో ఏ క్షణమూ పోదు. ఇంటి వీడియోకి 50 ఫ్రేముల దారే మేలు. ఫైలు కొంత పెరుగుతుంది, అంతే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ ఫిల్టర్‌కి బాబ్ అనే ఎంపిక ఇచ్చి, ఫ్రేమ్ రేటు 50 పెడితే ఇదే జరుగుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు బీడబ్ల్యూడీఐఎఫ్ అనే ఫిల్టర్ చక్కని ఫలితం ఇస్తుంది.

ఇంకో మెలిక ఫీల్డు వరస. 1080 ఇంటర్‌లేస్డ్ హెచ్‌డీలో పై ఫీల్డు ముందు వస్తుంది, పాత డీవీ టేపుల్లో కింది ఫీల్డు ముందు. బారసాల డీవీ టేపులో, అక్షరాభ్యాసం హెచ్‌డీలో ఉన్న ఇళ్లలో రెండూ ఒకే టైమ్‌లైన్‌లోకి, అంటే ఎడిటర్‌లో ముక్కల్ని వరసగా పేర్చే పట్టీలోకి, వస్తాయి. వరస తప్పుగా పెడితే కదిలే మనిషి ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి వేస్తున్నట్టు వణుకుతూ కనిపిస్తాడు. ఆ వణుకు కనిపించిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

డీఇంటర్‌లేస్ చేయకుండా రిజల్యూషన్ తగ్గించడం మాత్రం అస్సలు చేయకూడదు. 1080 గీతల్ని 720కి కుదించినప్పుడు బేసి, సరి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఎంత మంచి ఫిల్టర్ అయినా వాటిని విడదీయలేదు. కుదించిన ఫైలు ఉంచుకుని అసలు కార్డు చెరిపేసిన ఇళ్లలో ఆ దువ్వెన గీతలు ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి.

25, 30, 50, 60

ఫ్రేమ్ రేటు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి వస్తూ వస్తూ అక్కడే క్యామ్‌కార్డర్ కొని తెస్తాడు. అది అక్కడి పద్ధతి ప్రకారం సెకనుకు 59.94 ఫీల్డులు తీస్తుంది. పెళ్లికి మాట్లాడుకున్న వీడియోగ్రాఫర్ కెమెరా 50 తీస్తుంది. చుట్టాల ఫోన్లు సుమారు 30 తీస్తాయి. ముగ్గురూ ఒకే తాళికట్టు తీస్తారు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 60 లెక్కన నడిచే కెమెరాకు ఆ మినుకుతో పొంతన కుదరక కల్యాణ మండపంలో వెలుగు అలల్లా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తీసేటప్పుడే షటర్ సెకనులో వందో వంతు పెట్టి ఉంటే అది చాలావరకు ఉండేది కాదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ ఏదీ దాన్ని బాగుచేయలేదు.

ఇలా కలిసినప్పుడు టైమ్‌లైన్ రేటు ఏది పెట్టాలి? ఏ కెమెరా ఫుటేజ్ ఎక్కువగా, ముఖ్యంగా వాడుతున్నామో దాని రేటే పెట్టాలి. 25 ఫ్రేముల వీడియోని 30కి మారిస్తే ప్రతి సెకనులో 5 ఫ్రేములు రెండేసిసార్లు కనిపిస్తాయి. 30ని 25కి మారిస్తే 5 ఫ్రేములు ఎగిరిపోతాయి. కెమెరా నెమ్మదిగా మండపం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేటప్పుడు ఆ తడబాటు కంటికి తగులుతుంది. ఎటు మార్చినా కొంత నష్టం తప్పదు కాబట్టి, తక్కువ నిడివి ఉన్న ఫుటేజ్ ఆ నష్టం భరించడం న్యాయం. ప్రధాన కెమెరా 50 ఫీల్డులదైతే టైమ్‌లైన్ 50 ఫ్రేములు. పెళ్లంతా ఫోన్లతోనే తీస్తే 30 లేదా 60.

ఫోన్ ఫుటేజ్‌కి ఇంకో గుణం ఉంది. ఫోన్లు ఫ్రేమ్ రేటుని స్థిరంగా ఉంచవు. వెలుతురు తగ్గితే, ఫోన్ వేడెక్కితే 30 కాస్తా 27కో 24కో జారుతుంది. ప్లేయర్‌లో చూస్తే తేడా తెలియదు కానీ, కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో వేసినప్పుడు ఇరవై నిమిషాల తర్వాత పెదవులకీ మాటకీ పొంతన ఉండదు. పాట కచేరీ తీసిన ఫైల్లో ఇది మరీ బాధగా ఉంటుంది. ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే హ్యాండ్‌బ్రేక్‌లో స్థిర ఫ్రేమ్ రేటు ఎంపికతో, నాణ్యత బాగా ఎక్కువ పెట్టి, ఒకసారి మార్చుకుంటే ఈ సమస్య ఉండదు.

బిట్లు ఎక్కడ ఖర్చవుతాయి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బిట్‌రేట్ అంటే ఒక సెకను వీడియోకి ఎంత డేటా కేటాయిస్తున్నామన్నది. లెక్క తేలికే. సెకనుకు 8 మెగాబిట్లు అంటే 1 మెగాబైటు. నిమిషానికి 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ. 16 పెడితే గంటకు 7.2 జీబీ. ఏవీసీహెచ్‌డీ కెమెరా తన అత్యుత్తమ నాణ్యతలో 24 దాకా వాడుతుంది, అంటే గంటకు 10.8 జీబీ. తర్వాత వచ్చిన 50 ప్రోగ్రెసివ్ కెమెరాల్లో ఇది 28 దాకా వెళ్లింది. కాబట్టి 24తో తీసిన వీడియోని 60 మెగాబిట్లతో ఎక్స్‌పోర్ట్ చేసినా కొత్తగా వచ్చే వివరం ఏమీ ఉండదు, డిస్క్ నిండుతుందంతే. 1080ని 4కేగా పెంచి ఎక్స్‌పోర్ట్ చేయడం కూడా అలాంటిదే.

తక్కువ పెడితే ఏమవుతుందో తెలియాలంటే కంప్రెషన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. హెచ్.264 కోడెక్ అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ రాసుకుని, ఆ తర్వాతి ఫ్రేముల్లో ముందు ఫ్రేముకీ దీనికీ మధ్య ఏం మారింది, ఏది ఎటు కదిలింది అన్నది మాత్రమే రాస్తుంది. పురోహితుడు కూర్చుని సంకల్పం చెబుతుంటే మారేవి పెదవులు, చేతులు. వెనకున్న పందిరి, అరటి చెట్లు అలాగే ఉంటాయి. ఆ సెకనుకు 3 మెగాబిట్లు కూడా చాలా ఎక్కువ. తలంబ్రాలు మొదలవగానే సీను మారుతుంది. వందలాది గింజలు, ఒక్కోటి ఒక్కో దారిలో, పక్కనుంచి ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు, నవ్వుతూ వంగే తలలు, మెరిసే జరీ అంచులు. ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవడానికి కోడెక్‌కి దాదాపు ఏమీ మిగలదు. 20 మెగాబిట్లు కావాల్సిన చోట 5 మాత్రమే ఇస్తే, అది చిన్న వివరాల్ని వదిలేసి గళ్లు గళ్లుగా ముద్ద చేస్తుంది. దీపావళి రాత్రి చిచ్చుబుడ్డి, నదీ స్నానాల్లో ఎగసే నీళ్ల తుంపర, గాలికి ఊగే వరిచేను, అన్నిటిదీ ఇదే కథ. ఏ వీడియో తీసుకున్నా కళ్లు ఎక్కువసేపు నిలిచే ఘట్టాలు చాలాసార్లు ఇవే.

అందుకే సెకనుకి ఇంత అని ఒకే అంకె బిగించేయడం కన్నా, నాణ్యత ఇంత ఉండాలి అని చెప్పి బిట్లను కోడెక్‌కే వదిలేయడం మంచి పద్ధతి. దీన్ని స్థిర నాణ్యత అంటారు. హెచ్.264 ఫైళ్లు తయారుచేసే ఎక్స్264 ఎన్‌కోడర్‌లో ఈ అంకె పేరు సీఆర్‌ఎఫ్, హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు పెరుగుతాయి. సుమారుగా 6 తగ్గితే సైజు రెట్టింపు అవుతుంది. 1080కి 20 నుంచి 24 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ సలహా ఇస్తుంది. ఇంట్లో దాచుకునే కాపీకి 18 లేదా 19 దగ్గర ఉండటం క్షేమం. సంకల్పం దగ్గర 3తో సరిపెట్టి, తలంబ్రాల దగ్గర 25 దాకా ఖర్చుపెట్టే స్వేచ్ఛ అప్పుడు ఎన్‌కోడర్‌కి ఉంటుంది. మొత్తం ఫైలు ఎంతవుతుందో ముందుగా తెలియకపోవడం ఒక్కటే దీనిలో లోటు. పెన్‌డ్రైవ్‌లో పట్టాలి, ఇంత సైజు దాటకూడదు అనుకుంటే సగటు బిట్‌రేట్ ఇచ్చి టూ పాస్ పెట్టుకోవాలి. మొదటిసారి వీడియో అంతా చూసుకుని, ఎక్కడ కష్టమో గుర్తుపెట్టుకుని, రెండోసారి రాస్తుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, ఫలితం దానికి తగ్గట్టే ఉంటుంది.

చీకటి హాల్లో తీసిన ఫుటేజ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెలుతురు చాలక కెమెరా గెయిన్ (అందిన కాస్త వెలుగునే పెంచి చూపే అమరిక) పెంచుకున్నప్పుడు బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి, వీటినే నాయిస్ అంటారు. ఆ చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంటాయి కాబట్టి కోడెక్‌కి అవి కూడా తలంబ్రాలే. బిట్లన్నీ వాటికే పోసేస్తుంది, మొహాలకు మిగలదు. ఎక్స్‌పోర్ట్‌కి ముందు నాయిస్ తగ్గించే ఫిల్టర్ తేలికగా వాడితే అదే సైజులో మొహాలు స్పష్టంగా వస్తాయి. ఎక్కువ వాడితే మాత్రం పట్టుచీర నేత కూడా చెరిగిపోతుంది.

గ్రాఫిక్స్ చిప్‌తో వేగంగా ఎన్‌కోడ్ చేసే సౌకర్యం ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఉంది. గంటలో అయ్యే పని పది నిమిషాల్లో అయిపోవచ్చు. అయితే అదే సైజులో నాణ్యత ప్రాసెసర్‌తో చేసినదానికన్నా సాధారణంగా కాస్త తక్కువ ఉంటుంది. బంధువులకు పంపే కాపీకి పర్లేదు, దాచుకునే కాపీకి రాత్రంతా పట్టినా ప్రాసెసర్‌తోనే చేయాలి. జీవితంలో ఒక్కసారి చేసే పని అది.

ఏ అంకె సరిపోతుందో తేల్చుకోవడానికి మూడు గంటల వీడియో మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేయక్కర్లేదు. తలంబ్రాల ఘట్టం నుంచి 15 సెకన్లు మాత్రమే ఎంచుకుని, 18, 21, 24 అని మూడు ముక్కలు తీయాలి. వాటిని ల్యాప్‌టాప్‌లో చిన్న కిటికీలో కాకుండా, ఇంట్లో అందరూ చూసే టీవీలోనే వేసి, అసలు ఫైలుతో పోల్చి చూడాలి. 21కీ అసలుకీ తేడా కనిపించకపోతే 21 చాలు. ఆ 15 సెకన్లు నిలబడితే మిగతా మూడు గంటలూ నిలబడతాయి.

హెచ్.264తోనే ఉండాలా?

2003లో ఖరారైన హెచ్.264కి ఇరవై ఏళ్లు దాటాయి. 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చాయి. హెచ్‌ఈవీసీ దాదాపు అదే నాణ్యతని సగం సైజుకి దగ్గర్లో ఇవ్వగలదు. ఐఫోన్లు 2017 నుంచి దీన్ని వాడుతున్నాయి. నిమిషం 1080 వీడియోకి సుమారు 60 ఎంబీ, 4కేకి 170 ఎంబీ సరిపోవడానికి కారణం అదే. అయినా ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఉన్న పాత ఎల్‌ఈడీ టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఆడాల్సిన ఫైలుకి హెచ్.264 ఒక్కటే నమ్మకమైనది. పాత టీవీలు చాలావరకు హెచ్‌ఈవీసీని చదవలేవు. శబ్దం మాత్రమే వచ్చి తెర నల్లగా ఉండిపోతుంది.

టీవీ కోసమైతే ఎంపీ4 ఫార్మాట్, హెచ్.264 హై ప్రొఫైల్. 25 లేదా 30 ఫ్రేములకు లెవెల్ 4.1 చాలు, 50 ఫ్రేముల 1080కి 4.2 కావాలి. మరీ పాత టీవీ 50 ఫ్రేముల 1080 దగ్గర తడబడితే 720 రిజల్యూషన్‌లో 50 ఫ్రేములు ఇచ్చి చూడాలి, కదలికలో నునుపు పోదు. ఇంకో చిక్కు పెన్‌డ్రైవ్‌దే. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. 12 మెగాబిట్లతో రెండు గంటల పెళ్లి 10.8 జీబీ అవుతుంది. టీవీ ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిని చదవగలిగితే అలా ఫార్మాట్ చేయాలి. లేకపోతే స్నాతకం, జీలకర్ర బెల్లం, అప్పగింతలు అని ఘట్టాల వారీగా విడగొట్టడమే మంచిది. చూసేవాళ్లకీ అదే సుఖం.

యూట్యూబ్‌లో పెట్టి లింకు పంపేవాళ్ల లెక్క వేరు. ఏ ఫైలు ఇచ్చినా యూట్యూబ్ దాన్ని మళ్లీ కంప్రెస్ చేస్తుంది. 1080కి మామూలు ఫ్రేమ్ రేటులో 8, 50 లేదా 60 ఫ్రేములకు 12 మెగాబిట్లు ఇవ్వమని అది సూచిస్తుంది. అప్పటికే నలిగిన ఫైలు ఇస్తే గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. కాబట్టి ఆ సూచనను కనీస మట్టంగా తీసుకుని, నెట్ డేటా అనుమతిస్తే 16, 20 ఇవ్వడం మేలు. దాచుకునే కాపీనే నేరుగా అప్‌లోడ్ చేసినా మంచిదే.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా జత చేస్తే 2 జీబీ దాకా ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. అయినా బంధువుల గ్రూపులో యాభై మంది ఫోన్లు నింపడం భావ్యం కాదు. తాళికట్టు, తలంబ్రాలు, అప్పగింతలు ఏరి ఐదు నిమిషాల ముక్క చేసి, 720లో 3 లేదా 4 మెగాబిట్లతో ఇస్తే సుమారు 150 ఎంబీ దగ్గరే ఆగుతుంది, ఫోన్ తెర మీద చక్కగా కనిపిస్తుంది.

శబ్దం, రంగు

బిట్లన్నీ బొమ్మకే అని శబ్దాన్ని 96 కిలోబిట్లకు కుదించేవాళ్లున్నారు. అది అన్యాయం. పెళ్లి వీడియోలో నాదస్వరం ఉంటుంది, గట్టిమేళం ఉంటుంది. డోలు, సన్నాయి, జనం అరుపులు ఒక్కసారిగా కలిసినప్పుడు తక్కువ బిట్లతో ఆ శబ్దం నీళ్లలోంచి వస్తున్నట్టు గరగరమంటుంది. ఏఏసీ అనే ఆడియో కోడెక్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోకి 256 లేదా 320 కిలోబిట్లు పెట్టాలి. 320 పెట్టినా గంటకు అయ్యేది 144 ఎంబీ. బొమ్మ ముందు అది లెక్కలోకే రాదు. గొంతులు, ముఖ్యంగా ఇప్పుడు మన మధ్య లేని పెద్దల గొంతులు, ఇంతకన్నా చౌకగా దాచుకునే దారి లేదు.

రంగు విషయంలో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. వీడియోలో నలుపుని 16 దగ్గర, తెలుపుని 235 దగ్గర ఉంచడం హెచ్‌డీ ఆనవాయితీ. సాఫ్ట్‌వేర్ దాన్ని 0 నుంచి 255 అనుకుంటే నల్లని జుట్టు బూడిద రంగులోకి మారుతుంది. రెండోది కొత్త ఐఫోన్ల సంగతి. 2020 నుంచి అవి హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల తేడాని మామూలుకన్నా ఎక్కువగా పట్టే పద్ధతిలో, తీస్తున్నాయి. ఆ ఫుటేజ్‌ని మామూలు టైమ్‌లైన్‌లో మార్పిడి లేకుండా వేస్తే మొహాలు వెలిసిపోతాయి, లేదా మండిపోతున్నట్టు వెలుగుతాయి. ఎడిటర్‌లో ఎస్‌డీఆర్‌కి (మామూలు వెలుగు పద్ధతికి) మార్చే ఎంపిక వాడి, ఎక్స్‌పోర్ట్‌లో రంగుల పద్ధతి హెచ్‌డీ ప్రమాణమైన రెక్ 709 అని పెట్టాలి.

ఎక్స్‌పోర్టే అక్కర్లేని సందర్భాలు

చాలా ఇళ్ల అవసరం ఎడిటింగ్ కాదు, మొదటా చివరా ఉన్న పనికిరాని భాగం కోసేయడమే. దానికి మళ్లీ ఎన్‌కోడ్ చేయనే అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఫైలుని కోసి, లోపలి డేటాని ముట్టుకోకుండా ఎంపీ4లోకి మార్చి ఇస్తుంది. నాణ్యత ఒక్క చుక్క తగ్గదు, గంట వీడియో కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. కోడెక్ పూర్తి బొమ్మ రాసుకున్న చోటే కోత పడుతుంది కాబట్టి అటో ఇటో కొంత జరగొచ్చు. ఇంటి వీడియోకి అది ఇబ్బందే కాదు.

ఎడిట్ చేసిన వీడియో ఎంత బాగా వచ్చినా కార్డులోని అసలు ఫుటేజ్ చెరపకూడదు. ప్రతి ఎక్స్‌పోర్ట్‌తోనూ కాపీకి కాపీ తీసినట్టు నాణ్యత ఒక మెట్టు తగ్గుతుంది. పదేళ్ల తర్వాత ఇంతకన్నా మంచి డీఇంటర్‌లేసింగ్, నాయిస్ తగ్గించే పద్ధతులు వస్తాయి. వాటికి కావాల్సింది ఆ ఎంటీఎస్ ఫైళ్లే. అసలుని రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి. 10.8 జీబీ లెక్కన పది గంటల ఫుటేజ్ కూడా 128 జీబీ కార్డులో పట్టేస్తుంది.

ఫైలు తయారయ్యాక ఫోల్డర్‌లో పడేసే ముందు మూడు చోట్ల చూడాలి. మొదటి నిమిషం, తలంబ్రాలు, చిట్టచివరి నిమిషం. డిస్క్ నిండిపోయి మధ్యలో ఆగిన ఎక్స్‌పోర్ట్, మెల్లగా జారిన శబ్దం, రెండూ చివరి నిమిషంలోనే దొరికిపోతాయి. ఏవీసీహెచ్‌డీ కెమెరా ఏ రోజు ఏ గంటకు తీసిందో ఫైలు లోపలే రాసుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ చేయగానే సాధారణంగా ఆ తేదీ పోతుంది, కంప్యూటర్ ఎక్స్‌పోర్ట్ చేసిన రోజునే తేదీగా చూపిస్తుంది. అందుకని ఫైలు పేరులోనే అసలు తేదీ, ఊరు, ఎవరి పెళ్లి అన్నది రాయాలి. పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, ఎన్నో నిమిషంలో కనిపించే పెద్దవాళ్లెవరో పేర్లు, వరసలతో సహా, ఇంట్లో వాళ్లను గుర్తుపట్టేవాళ్లు ఉండగానే అడిగి రాసి ఉంచాలి.